తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు తేల్చండి

మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, జిల్లా కలెక్టర్ గారికి, ఈ ఊళ్లో సీఎస్‌ఆర్ నిధులు (కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన డబ్బు) ఖర్చుపెట్టే పరిశ్రమల అధికారులందరికీ నమస్కారం. మా వీధుల్లో ఆడవాళ్లు రోజూ నడవడానికి కావాల్సిన ఏర్పాటు గురించి ఈ ఉత్తరం.

నేను కంచరపాలెంలో 26 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, ఫాల్, పీకో. నా వయసు 53. మొదట్లో నాది తొక్కుడు మిషన్. పొద్దున్నించి రాత్రిదాకా కాళ్లు ఆడుతూనే ఉండేవి. పిక్కలు పట్టేసేవి గానీ, పడుకుంటే ఒళ్లు తెలియకుండా నిద్రపట్టేది. తర్వాత మిషన్‌కి మోటారు పెట్టించాను. పని రెట్టింపైంది, కాళ్లకి పని పోయింది. ముందు పాదం కొంచెం నొక్కితే చాలు, సూది దానంతట అదే పరిగెడుతుంది. మూడేళ్ల కిందట సుగరొచ్చింది. డాక్టరమ్మ చీటీ మీద మాత్ర పేరు రాసి, దాని కింద ‘రోజూ అరగంట నడక’ అని రాసింది. మాత్ర కోసం ఎదురుగానే మందుల షాపుంది. నడక కోసం ఎక్కడికెళ్లాలో చీటీలో లేదు.

విశాఖలో నడవడానికి చోటు లేదంటే ఎవరైనా నవ్వుతారు. బీచ్ రోడ్డు ఉంది, తెల్లారగట్ల బళ్లు ఆపి మరీ నడిచేవాళ్లకి వదులుతున్నారు. శివాజీ పార్కుంది, సెంట్రల్ పార్కుంది, ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండుంది. ఇవన్నీ మంచివే, ఎవరికీ కాదనను. కానీ మేం బీచ్‌కెళ్లి నడవాలంటే ముందు ఆటో ఎక్కాలి. పైగా పొద్దున్న ఐదింటికి మా వీధుల్లో ఆడవాళ్లు ఏం చేస్తుంటారో ఒకసారి వచ్చి చూడండి. కుళాయి, పొయ్యి, పొద్దున్న షిఫ్టుకెళ్లే మనిషికి క్యారేజీ, పిల్లల జడలు. మాకు ఖాళీ దొరికేది రాత్రి ఏడు తర్వాత, సీరియల్‌కీ వంటకీ మధ్య. ఆ టైముకి పార్కులకి వెళ్లొచ్చేంత తీరిక ఎవరికీ ఉండదు.

నా దగ్గర కొలతల పుస్తకాలున్నాయి. ఛాతీ, నడుం, చేతి లూజు. 2014 హుద్‌హుద్‌కి కప్పు రేకులు లేచిపోయి పాతవి తడిసి ముద్దయ్యాయి గానీ, ఆ తర్వాతవన్నీ దాచాను. ఒకే మనిషి పేజీలు వరసగా తిప్పితే ఏడాదికో అరంగుళం, ఒక్కోసారి అంగుళం. ఇప్పుడైతే గుడ్డ ఇచ్చేటప్పుడే అంటున్నారు, “లోపల మడత ఎక్కువ వదులక్కా, వచ్చే ఏడు విప్పించుకుంటాను” అని. లావు వేరు, కదలకపోవడం వేరని నాకూ తెలుసు. సన్నగా ఉండి సుగర్ ఉన్నవాళ్లు మా నడక గుంపులోనే ఇద్దరున్నారు. అయినా ఆ పుస్తకాలు చూస్తే నాకు కొంచెం భయమేస్తుంది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఈ ఉత్తరంలో అంకెలు ఆమె వెతికి పెట్టినవే. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో 2024లో ఒక లెక్క వచ్చింది. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదట. మగవాళ్లలో నూటికి 42 మంది, ఆడవాళ్లలో 57. ఇరవై రెండేళ్ల ముందు, 2000లో, ఆడా మగా కలిపి నూటికి 22 మందే అలా ఉండేవారు. చాలినంత అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలు, కాస్త ఆయాసం తెలిసేలా. నడుస్తుంటే పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ గుర్తు. ఇంటిపని చాలదా అని నేనూ అడిగాను. చెమట పట్టి ఊపిరి వేగం పెరిగే పనైతే లెక్కేనట. గిన్నెలు తోముతూ నేను పాట పాడగలను, కాబట్టి నాది లెక్కలోకి రాదు.

ఇక తాళంచెవి సంగతి.

రెండేళ్ల కిందట నలుగురం కలిసి మా దగ్గర్లో ఒక బడి గ్రౌండులో నడవడం మొదలుపెట్టాం. బడి పేరు రాయను, వాళ్ల వల్ల మాకు మేలే జరిగింది. సాయంత్రం ఆ గ్రౌండు క్రికెట్ కుర్రాళ్లది. మొదటి రోజు మమ్మల్ని చూసి “బంతి తగిలితే మాకు సంబంధం లేదాంటీ” అన్నారు. తగిలింది కూడా, మా ఎదురింటావిడ మోకాలికి. ఆమె ఆ బంతి కొంగులో కట్టుకుని ఇంటికెళ్లిపోయింది. మర్నాడు చర్చలు జరిగాయి. ఏడింటిదాకా వాళ్లు, ఏడు నుంచి ఎనిమిది మేము, ఆదివారం పూర్తిగా వాళ్లదే. బంతి తిరిగిచ్చేశాం. తర్వాత వారం ఆ కుర్రాళ్లే వినాయక చవితి పందిరి కోసం కొన్న ఫోకస్ లైటు అటక మీంచి దించి, గ్రౌండులో వేపచెట్టుకి కట్టి, వాచ్‌మన్ గదిలోంచి వైరు లాగారు. నలుగురం పదిమందిమయ్యాం, ఏడాది తిరిగేసరికి 23 మంది. పందిరి లైటు వెలుతురులో ఇరవై ముగ్గురు ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటే గోడ అవతల నుంచి చూసినవాళ్లకి ఏ నోమో అనిపించేది. ఒకావిడ నిజంగానే పసుపు కుంకాలు పట్టుకుని వచ్చింది.

అప్పుడు వాచ్‌మన్ మారాడు. కొత్తాయన మంచివాడే, కానీ తాళంచెవి బయటివాళ్లకి ఇవ్వాలంటే కాగితం కావాలన్నాడు. ఆయన తప్పేం లేదు, రేపు ఏదైనా పోతే ఉద్యోగం ఆయనది. కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసు చెప్పారు. అక్కడికెళ్తే మొదటి చోటికే వెళ్లమన్నారు. రెండు నెలల పది రోజులు గేటు తెరుచుకోలేదు. రోడ్డు మీద నడిచాం. వీధిదీపం లేని మలుపులో ఒక బండి హ్యాండిల్ తగిలి మాలో ఒకావిడ పడి మణికట్టు విరిగింది. ఆ రాత్రే అన్ని ఇళ్లల్లో మగవాళ్ల తీర్పు వచ్చేసింది, ఇంక చాల్లే అని. ఇరవై ముగ్గురిలో ఆరుగురం మిగిలాం. చివరికి ఎవరో పెద్దమనిషి మాట సాయంతో కాగితం వచ్చింది, గేటు తెరిచారు. ఇప్పుడు 15 మందిమి. మిగతా ఎనిమిది మంది తిరిగి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరినీ అడగక్కర్లేదు. అలవాటు పట్టడానికి నెలలు పడుతుంది, పోవడానికి పది రోజులు చాలు.

మీ దగ్గర నిధులున్నాయి. కేంద్రం ‘ఫిట్ ఇండియా’ ఉద్యమం మొదలుపెట్టిన 2019 నుంచీ ఒళ్లు కదిలించాలన్న మాట దేశమంతా వింటోంది. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా చాపలేసుకుని యోగా చేసినప్పుడు నేనూ వెళ్లాను. ఆ చాప ఇప్పటికీ నా దగ్గరుంది, దాని మీద పడుకునే నడుం వ్యాయామాలు చేస్తాను. అంతమందిని ఒక రోజు ఒకచోటికి తేవడం చిన్న పని కాదు, అది మీకు చేతనైంది. ఒక్క వీధిలో పదిహేను మందిని ఏడాదంతా గడప దాటించడం దానికంటే చిన్న పనిలాగే కనిపిస్తుంది. కానీ దానికి పద్దు ఎక్కడా ఉండదు.

పద్దు ఉండేది ఇనుముకి. మా చుట్టాలుండే కాలనీలో ఒక కంపెనీ డబ్బుతో పార్కులో వ్యాయామ పరికరాలు పెట్టారు. రిబ్బను కత్తిరించారు, ఫలకం మీద పేర్లు చెక్కించారు. రెండో వానాకాలానికి గాలిలో నడిచే పరికరానికి బేరింగు పోయింది. మన ఊరి ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? నా మిషన్‌కి వారానికోసారి నూనె చుక్క వేయకపోతే మొరాయిస్తుంది, అది ఇంట్లో ఉండే మిషన్. ఆ పరికరాలకి నూనె వేసే మనిషికి జీతం ఎవరి లెక్కలోనూ లేదు. ఇప్పుడు వాటి మీద దుప్పట్లు ఆరేస్తున్నారు. ఫలకం మాత్రం గ్రానైట్‌ది, చెక్కు చెదరలేదు.

అందుకే నా విన్నపం ఒక్కటే. డబ్బు పిలిచే మనిషికి ఇవ్వండి, గేటు తీసే మనిషికి ఇవ్వండి.

మా గుంపులో అసలు మనిషిని నేను కాదు. ఆయాగా పనిచేసి మానేసిన ఒక పెద్దావిడ ఉంది. ఏడింటికి పది నిమిషాల ముందు వీధి ఈ చివర నుంచి మొదలెట్టి ప్రతి గడప ముందూ ఆగి, “బేగి రండమ్మా, సుగరు టీవీ చూస్తే తగ్గదు” అని కేకేస్తుంది. తలనొప్పి అంటే అమృతాంజనం తెచ్చి రాసి మరీ లాక్కొస్తుంది. ఆమె కూతురి పురుడికి శ్రీకాకుళం వెళ్లి నెలరోజులుంటే, గేటు తెరిచే ఉన్నా, లైటు వెలుగుతూనే ఉన్నా, సగం మందిమి కూడా రాలేదు. ఆమె ఫోను రీచార్జి కూడా ఆమెదే.

లెక్క చెబుతాను. ఒక గుంపుకి నెలకి ఐదు వేలు. పిలిచే మనిషికి 2,000. గేటు తీసి, చివర్లో మళ్లీ తాళం వేసే మనిషికి 1,000. ఆ గంటసేపు చిన్నపిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి చూసుకునే అమ్మాయికి 1,000, ఇది లేకపోతే పాతికేళ్ల తల్లులు రానే రారు. మిగిలిన 1,000 కరెంటుకి, మంచినీళ్లకి, మందుల డబ్బాకి. ముందు పది వార్డుల్లో, వార్డుకి నాలుగు గుంపులు పెట్టి చూడండి. నలభై గుంపులకి నెలకి రెండు లక్షలు, ఏడాదికి 24 లక్షలు. అది కుదిరితే 98 వార్డులకీ 392 గుంపులు, నెలకి 19 లక్షల 60 వేలు, ఏడాదికి రెండు కోట్ల ముప్పై ఐదు లక్షల చిల్లర. జాకెట్టు లెక్కలు వేసే దాన్ని, నాకిది చాలా పెద్ద మొత్తం. మీకు కాదనుకుంటాను.

ఆ పది వార్డులు బీచ్‌కి దగ్గరవి కాకుండా చూడండి. మల్కాపురం, జ్ఞానాపురం, ఆరిలోవ, పెదగంట్యాడ, మా కంచరపాలెం లాంటివి.

కంపెనీల అధికారులకి ఒక మాట. ఇది సీఎస్‌ఆర్ కిందికి రాదని ఎవరైనా అంటే చట్టం తీసి చూపించండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి కదా. ఏయే పనులకో చెప్పే ఏడో షెడ్యూలులో మొదటి అంశంలోనే రోగం రాకుండా చూసే ఆరోగ్య సంరక్షణ ఉంది. రోగం వచ్చాక పెట్టే వైద్య శిబిరం ఎంత లెక్కో, రాకుండా నడిపించే గుంపూ అంతే లెక్క. మార్చిలోగా ఖర్చైపోవాలి కాబట్టి ఇనుము కొనడమే తేలిక అంటారేమో. కొనసాగే ప్రాజెక్టుగా చూపిస్తే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చని నిబంధనల్లోనే ఉంది. మాకు కావాల్సింది అదే. ఆరు నెలల కార్యక్రమం అసలు వద్దు. ఆరు నెలలకి మేం అప్పుడప్పుడే చెప్పులు మానేసి బూట్లు కొనుక్కుంటుంటాం.

చిక్కు ఇంకోచోట ఉంది. కంపెనీ డబ్బు తీసుకోవాలంటే సంస్థకి రిజిస్ట్రేషన్ కావాలి, కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు కావాలి, ఆడిట్ కావాలి. పదిహేను మంది ఆడవాళ్ల నడక గుంపుకి అవి ఎక్కణ్నించి వస్తాయి? కాబట్టి మధ్యలో ఒక సంస్థ ఉండాలి. పెద్ద లెక్కలు అది చూసుకుంటుంది, వీధిలోకి చిన్న చీటీ మీద డబ్బు ఇస్తుంది. పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా కింద మహిళా సంఘాల సమాఖ్యలున్నాయి, పొదుపు పుస్తకాలు రాయడంలో వాళ్లు మీ అకౌంటెంట్లకి తీసిపోరు. దారి కార్పొరేషన్ వేయాలి, ఆ పని కంపెనీ వల్లా కాదు, మా వల్లా కాదు.

వార్డుకి నెలకోసారి ఒక బల్ల చుట్టూ కూర్చుందాం. పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి ఒకరు, బడి హెడ్‌మాస్టారు, వార్డు సచివాలయం నుంచి ఒకరు, బీట్ కానిస్టేబుల్, గుంపు నుంచి ఇద్దరు. క్రికెట్ కుర్రాడు ఒకడు తప్పకుండా ఉండాలి, గ్రౌండు వాళ్లది కూడా. డబ్బిచ్చే కంపెనీ మనిషి వచ్చి వినొచ్చు. డాక్టరమ్మ చీటీ మీద ‘రోజూ నడక’ అని రాసి ఊరుకోకుండా ఫలానా బడి, ఏడింటికి, ఫలానా ఆవిడ ఫోను నంబరు అని రాస్తే ఆ చీటీకి విలువ. దయచేసి ఈ పని ఆశా కార్యకర్తల నెత్తిన ఉత్తపుణ్యానికి వేయకండి. వాళ్ల సంచిలో ఇప్పటికే రిజిస్టర్లు పట్టడం లేదు.

ఇదేదో కొత్త వింత కాదు. ఇంగ్లండ్‌లో స్పోర్ట్ ఇంగ్లండ్ అనే సంస్థ 2017లో 12 ప్రాంతాల్ని ఎంచుకుని, అక్కడి మునిసిపాలిటీలు, ఆరోగ్య కేంద్రాలు, స్థానిక సంఘాలు కలిసి పనిచేసేలా ఏళ్ల తరబడి డబ్బు పెట్టింది. కదలిక తక్కువ, పేదరికం ఎక్కువ ఉన్న చోట్లకే ముందు వెళ్లారట. 2023లో ఇంకా చాలా ప్రాంతాలకి పెంచుతూ 25 కోట్ల పౌండ్లు ప్రకటించారు. వాళ్ల చలి వేరు, మన ఉక్కపోత వేరు, వాళ్ల డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఎక్కడైనా కదలని మనిషిని కదిలించేది తెలిసిన మనిషే అన్నంతవరకూ మనకి పనికొస్తుంది.

అసలు ఇంగ్లండ్ దాకా వెళ్లక్కర్లేదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. 32 కిలోమీటర్లు, లక్షల మంది. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మీదుగా తిరిగి అప్పన్న దగ్గరికి. అందులో సగం మంది మిగతా ఏడాదంతా పాలప్యాకెట్‌కి కూడా బండి మీద వెళ్లేవాళ్లే. మరి ఆ రోజు ఎలా నడుస్తున్నారు? భక్తి ఉంది, నిజమే. దాంతోపాటు దారిపొడవునా మంచినీళ్లున్నాయి, మజ్జిగుంది, పులిహోరుంది, మోకాళ్లకి రాసే మందుంది, లైట్లున్నాయి, పోలీసులున్నారు, మరుగుదొడ్లు పెట్టారు. రాత్రి రెండింటికి ఆడపిల్ల ఒక్కతే నడిచినా చుట్టూ జనం ఉన్నారు. దేవస్థానం, కార్పొరేషన్, పోలీసులు, వీధి కుర్రాళ్ల సంఘాలు, షాపులవాళ్లు ఎవరి పని వాళ్లు చేస్తారు. నేనూ ఏటా మాధవధార దగ్గర మజ్జిగ గ్లాసులు అందిస్తాను. రోజూ 32 కిలోమీటర్లు అడగడం లేదు. అరగంట, వీధి చివర, అంతే ఏర్పాటు.

ఇక లెక్కల గురించి. డబ్బిచ్చినవాళ్లు ఫలితం అడుగుతారు, అడగాలి కూడా. కానీ మొదటి రోజు ఎంతమంది వచ్చారని అడక్కండి, టీషర్టు ఇస్తే ఎంతమందైనా వస్తారు. అంతకుముందు అసలు నడవనివాళ్లు ఎంతమంది చేరారు, వాళ్లలో మూడు నెలలకి ఎంతమంది ఉన్నారు, ఏడాదికి ఎంతమంది మిగిలారు, మానేసినవాళ్లు ఎందుకు మానేశారు, ఈ నాలుగూ చాలు. ఒక నోటు పుస్తకం సరిపోతుంది. రోజూ లొకేషన్‌తో ఫోటో పంపమనే నిబంధన మాత్రం పెట్టకండి. నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చే మనిషి, ఫోటో అనగానే మర్నాడు రాదు.

మరొక మాట, ఆడపిల్లల గురించి. పదో తరగతి దాకా కబడ్డీ ఆడిన పిల్లలు ఇంటర్‌కి వచ్చేసరికి గ్రౌండు వైపే చూడరు. మా దగ్గర కొలతలకి వచ్చినప్పుడు అడిగితే, ఆడతామాంటీ, కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరుంటారు అంటారు. మా గంటలో ముగ్గురు వస్తున్నారిప్పుడు. తల్లులు ఉన్నారు కాబట్టి ఇంట్లో పంపిస్తున్నారు. వాళ్లు మాలా గుండ్రంగా నడవరు, మధ్యలో షటిల్ ఆడతారు. ఆ షటిల్ బ్యాట్ల డబ్బు నా లెక్కలో వేయలేదు, గుర్తుంచుకోండి.

మీలో ఎవరైనా చూడాలనుకుంటే ఐటీఐ జంక్షన్ దాకా వచ్చి, నడక ఆడవాళ్లెక్కడ అని ఏ పాల షాపులో అడిగినా చెబుతారు. సోమవారం నుంచి శనివారం దాకా, రాత్రి ఏడింటికి. కారు సందులోకి రాదు, జంక్షన్‌లోనే ఆపి నడిచి రండి. గేటు మూసి ఉంటే గోడ పక్కన వేపచెట్టు కింద నిలబడి ఉంటాం, కాగితం గడువు మార్చి నెలాఖరుకి అయిపోతుంది.

ఇట్లు,
ఒక టైలరు,
నడక గుంపు తరఫున,
కంచరపాలెం, విశాఖపట్నం